గోడలు మింగిన గొంతు

ఈ కథలో ఒక్క ముక్క అబద్ధమనిపించినా సరే, కాకినాడ వెళ్లి శ్వేతసౌధం హోటల్ రెండో అంతస్తు గోడకి చెవి ఆనించండి. గోడే చెబుతుంది. ఇక్కడ రాసినదానికంటే కాస్త ఎక్కువే చెబుతుంది కూడా.

ఆ హోటలు ఎంత తెల్లగా ఉండేదంటే, పిట్టగోడ మీద కొంగ వాలితే ముక్కూ కాళ్లూ మాత్రమే కనబడేవి. కాకి వాలితే తోలడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టారు. అలాంటి హోటలు గేటులోకి హంసవేణి పెళ్లివారి వ్యాను వచ్చింది. వేణే పెళ్లికూతురు. పెళ్లికూతురంటే తలొంచుకుని కూర్చుంటుందనుకునేరు, ఆమె అప్పటికి తాళ్లరేవు నుంచీ డ్రైవరుని దులుపుతూనే ఉంది.

"ఏవయ్యా, నువ్వు తోలేది వ్యానా, వరి నూర్చే మిషనా? ఒక్క గుంట కూడా వదలకుండా పలకరించుకుంటూ వచ్చావు. నా నడుం..."

అంతే. వ్యాను ముందు చక్రం గేటు దాటింది, నడుం దగ్గర మాట తెగిపోయింది. వేణి గొంతు ఆడుతూనే ఉంది, మాట మాత్రం రావడం లేదు.

ఆమె చిన్నప్పుడు జబ్బు చేసి గొంతులో మాట పుట్టేచోటుని డాక్టర్లు తీసేశారు. ఇప్పుడు మాట్లాడేది మెడకి పెట్టుకున్న పట్టీతో. రెండు వేళ్ల వెడల్పుంటుంది. లోపల సున్నం పూత. చప్పుడు లేకుండా గొంతు కదిపితే చాలు, ఆ వణుకుని సున్నం పట్టుకుని చేతిసంచీలో ఉన్న ఫోనుకి గాల్లోంచి విసురుతుంది. ఫోను పలుకుతుంది. ఒకప్పుడు మూగపిల్ల అన్నవాళ్లు ఇప్పుడు ఆ ఇంటి ముందునుంచి వెళ్లేటప్పుడు గొంతు తగ్గించుకుని వెళుతున్నారు.

వేణి పట్టీని తట్టి చూసుకుంది, ఫోనుని దులిపి చూసింది. ఇంతలో వ్యానులో అందరి ఫోన్లూ చచ్చిపోయాయని గోల మొదలైంది. మేనత్త బుల్లెమ్మ తన ఫోనుని కొబ్బరికాయలా చెవి దగ్గర ఊపి, "లోపల నీళ్లు కూడా లేవే" అంది.

కౌంటరు దగ్గర హోటలు యజమాని కాశీవిశ్వనాథం స్వయంగా కూర్చున్నాడు. ఆ కుర్చీలో ఇంకొకళ్లని కూర్చోబెడితే నిద్రపట్టని మనిషి.

"నమస్కారమండి. మా దగ్గర బయటి నెట్టు పని చెయ్యదండి. హాట్‌స్పాట్లు, చేతి గడియారాలు, చెవి మిషన్లు, ఏదైనా సరే, మా వైఫై పెట్టె ద్వారానే మాట్లాడుకోవాలండి. గదికో రేటు, ఫోనుకో రేటు."

"అదేంటి బాబూ," అంది బుల్లెమ్మ, "మా ఇంటికాడ్నుంచి తెచ్చుకున్న మంచినీళ్లు తాగడానికి మీ గ్లాసు కొనాలా?"

"మరేనండీ," అన్నాడాయన, తన మాట ఇంత బాగా అర్థం చేసుకున్నందుకు మురిసిపోతూ.

వేణి ముందుకొచ్చి మెడ మీది పట్టీ చూపించింది.

"ఓ, గొంతాండీ? గొంతుకి విడిగా ప్యాకేజీ ఉందండి. మాటల లెక్కన. మీరు పెళ్లికూతురు కాబట్టి 'అవునండి', 'అలాగేనండి' ఫ్రీగా ఇచ్చేస్తాను."

వేణి ఆయన ముక్కుకి ఎదురుగా బొటనవేలు పెట్టి ఆడించింది. ఆ వేలికి ఏ ప్యాకేజీ అక్కర్లేకపోయింది.

వెనక్కి తిరిగేసరికి ఆమె తండ్రి లోవరాజు గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. గోడని గోటితో గీకాడు. గీకినది నాలిక మీద వేసుకున్నాడు. హోటలు గోడని నాకుతున్న పెళ్లికూతురి తండ్రిని చూసి ఇద్దరు అతిథులు పక్కకి తప్పుకున్నారు. లోవరాజు మొహం గోడలో కలిసిపోయేంత తెల్లగా అయింది.

వేణికి అర్థమైంది. ఆ సున్నం రుచి ప్రపంచంలో ఆయనొక్కడికే తెలుసు.

*

లోవరాజు రొయ్యపిల్లల హేచరీలో కెమిస్టు. ఒక తుపానుకి సముద్రం ఎప్పుడూ చూడని గుల్లల్ని ఒడ్డున పోసి పోయింది. పెదవులు గులాబిరంగు, లోపల నీలం. చెరువుల్లో వెయ్యడానికి పనికొస్తుందని వాటిని కాల్చి సున్నం చేశారు. సున్నం కుప్ప పోసిన దగ్గర్నుంచీ హేచరీలో ఫోన్లు మూగబోయాయి. ఒక లారీ డ్రైవరు కుప్ప పక్కన నిలబడి వాళ్లావిడతో పొద్దుటినుంచీ పోట్లాడాడు. సాయంత్రం ఇంటికెళితే ఆవిడ, "ఏంటి, ఇవాళ ఫోను చెయ్యలేదు?" అని నవ్వుతూ ఎదురొచ్చింది. డ్రైవరు మర్నాడు వచ్చి కుప్పకి దణ్ణం పెట్టుకుని వెళ్లాడు.

అందరూ సున్నానికి గాలి పట్టిందన్నారు. లోవరాజు ఒక బుట్టెడు ఇంటికి తెచ్చి పెరటి షెడ్డులో పెట్టుకున్నాడు. దట్టంగా పూస్తే గాల్లో వచ్చే తరంగాన్ని మింగేస్తోంది. పల్చగా పూస్తే మింగలేక, వదల్లేక, పట్టుకుని అవతలికి విసిరేస్తోంది. హేచరీలో ఉన్న ప్రతి సీసాలోదీ దానిమీద పోసి చూశాడు. ఆమ్లాలు, ఉప్పులు, రంగులు, చివరికి రొయ్యల మందు కూడా. చేతులు తుడుచుకుంటూ బుల్లెమ్మ లోపలికొస్తే మాత్రం, "వంటింటి చేతుల్తో ముట్టుకోకక్కా, ప్రయోగం పాడైపోద్ది" అని తరిమేసేవాడు.

మొదటి పట్టీ మేకకి కట్టాడు. మేక మేత నములుతుంటే ఫోను, "మే" అంది. ఆ తరవాత ఇంట్లోవాళ్లు మేకతో మాటల్లో పడి వంట మాడ్చుకున్న రోజులున్నాయి. రెండో పట్టీ వేణికి కట్టాడు. నాన్నా అంటుందనో, అమ్మా అంటుందనో చుట్టూ అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. వేణి గొంతు కదిపింది. ఫోను మెల్లగా పలికింది.

"దురద."

ఇంటిల్లిపాదీ ఏడ్చారు. దురద అన్న మాటకి అంతలా ఏడ్చిన కుటుంబం గోదావరి జిల్లాల్లో ఇంకోటి లేదు.

అయితే పట్టీకి సన్నటి భాగాలు కావాలి. అవి చేసే కార్ఖానా కాశీవిశ్వనాథం బావమరిదిది. "ఆసుపత్రుల్లో ఆపరేషను గదులకి పూద్దామండి, బయటి ఫోన్లు లోపలి మిషన్లని చెడగొట్టకుండా ఉంటాయి" అని ఆ పరిచయంతో కాశీవిశ్వనాథమే వచ్చి అడిగితే, మంచిపనే కదా అని లోవరాజు కుప్పంతా ఇచ్చేశాడు. ఒక్క సీసాడు ఉంచుకున్నాడు. పట్టీలో సున్నం చెమటకి అరుగుతుంది, అప్పుడప్పుడు పూత వెయ్యాలి. మళ్లీ తుపాను వచ్చినప్పుడల్లా ఒడ్డు వెంట తిరిగాడు. గవ్వలొచ్చాయి, చెప్పులొచ్చాయి, ఒకసారి ఎవరిదో వంటగ్యాసు సిలిండరు కొట్టుకొచ్చింది. ఆ గుల్లలు మాత్రం మళ్లీ రాలేదు.

*

"ఆసుపత్రికన్నాడమ్మా," అన్నాడు లోవరాజు గదిలో, మంచం అంచున కూర్చుని. "వాళ్ల పెట్టె పాడే రాగాన్ని మాత్రం వదిలేసేలా, మిగతావన్నీ మింగేలా అలవాటు చేశాడు దాన్ని. నీ ఫోను జానెడు దూరంలో ఉన్నా గోడ ముందే ఎగరేసుకుపోతంది. తీగ కట్టి చూద్దామంటే ఆ సున్నం పట్టిన మాట తీగలోకి దిగదు."

వేణి పెదవులు కదిపింది. ఆయనకి ఆ పెదవులు చదవడం పాత అలవాటే.

"పెళ్లి అయ్యేదాకా ప్యాకేజీ కొనేద్దామమ్మా. రేపు గుమ్మంలో పేరు చెప్పాలి కదా."

అదీ సంగతి. పెళ్లయ్యాక కొత్త జంట గుమ్మం దాటేముందు ఆడపడుచు తలుపుకి అడ్డం నిలబడుతుంది. పెళ్లికొడుకు పెళ్లాం పేరు, పెళ్లికూతురు మొగుడి పేరు నోరారా చెబితేనే దారి వదులుతుంది. ఇల్లు దూరమని ఆ ముచ్చట ఈ హోటలు గది గుమ్మంలోనే జరపాలని మగపెళ్లివారు ముందే చెప్పారు. వేణి ఇన్నాళ్లూ పెళ్లికొడుకు వీరభద్రాన్ని 'మీరు' అనే పిలిచింది. ఆ పేరుని దాచుకుంది. నిండు జనంలో తన గొంతుతో ఒక్కసారి అనాలని ఆమెకి చచ్చేంత కోరిక.

అయినా తల అడ్డంగా ఊపింది. 'నా గొంతు నాకే అమ్ముతానంటాడేంటి? ఇవాళ కొంటే రేపు ఊళ్లో ప్రతి గోడా తెల్లగా అయిపోద్ది' అంది పెదవులతో.

లోవరాజు ఇన్నాళ్లూ చెప్పని మాట చెప్పేశాడు. "సీసాలో ఇంక చెంచాడే ఉందమ్మా."

వేణి ఆయన వైపు చాలాసేపు చూసింది. తరవాత గోడల వైపు చూసింది. ఒక గోడ, రెండో గోడ, పైన కప్పు. తన మాటలన్నీ అక్కడ పూతపూతలుగా ఆరిపోయి ఉన్నాయి.

తండ్రి వెళ్లాక అద్దం ముందు నిలబడింది. ఎవరికీ వినబడదు కదా, సిగ్గెందుకు? వీరభద్రం అంది. గారు తగిలించి అంది. బస్సు ఎక్కుతున్నవాణ్ణి ఆపినట్టు అంది, అలిగినట్టు అంది, బుజ్జగించినట్టు అంది. పట్టీ వణికింది, గోడ మింగింది. పప్పు మారడిగినవాడిలా ఎన్నిసార్లు వడ్డించినా మింగుతూనే ఉంది.

*

పెళ్లి కింది హాల్లో. వీరభద్రం పొడుగు మనిషి, వంగి మూడోముడి వేస్తుంటే చెమటకి తడిసిన పసుపుతాడు జారి వేణి మెడపట్టీ మీద పడింది. పసుపు సందులోంచి లోపలి సున్నానికి తగిలింది. పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో పారాణి కలిపిన ప్రతి ముత్తయిదువకీ తెలుసు. పట్టీ అంచు ఎర్రబడింది.

ఫోను ప్రమేయం లేకుండా, పట్టీ తనంతట తనే అరిచింది.

"...విరిగింది! ఆ స్టీరింగు పీకి నీ మెళ్లో దండేస్తాను ఉండు!"

హాలు చివర భోజనం చేస్తున్న వ్యాను డ్రైవరు విస్తరి వదిలేసి లేచి నిలబడ్డాడు.

పట్టీ ఆగలేదు. గిన్నె అడుగున మీగడ మిగిలినట్టు, గోడ మింగగా అంటుకుని మిగిలిన మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి బయటపడ్డాయి. "పంతులుగారు మంత్రం మధ్యలో రెండుసార్లు ఆవలించారు." "అత్తగారి సవరం ఊడిపోయేలా ఉంది, ఎవరైనా చెప్పండర్రా." అత్తగారు చటుక్కున జడ పట్టుకుంది. నిజంగానే ఊడిపోతోంది. "ఈ గొంతుల దుకాణంవాడికి నేనొక్క పైసా ఇవ్వను." అక్కడితో ఆగింది.

నవ్వులకి పెళ్లిమండపం గుంజలు కదిలాయి. బాజాల వాళ్లకి ఏం చెయ్యాలో తోచక గట్టిమేళం ఇంకోసారి వాయించేశారు.

లోవరాజు పరుగెత్తుకొచ్చి పట్టీ మీద వంగాడు. "పసుపు! అన్ని సీసాలూ పోశాను, పసుపు పొయ్యలేదు!"

"వంటింటి చేతులని నువ్వే కదరా తరిమావు," అంది బుల్లెమ్మ, అక్షింతలు ఆయన నెత్తిన పోస్తూ. "అనుభవించు."

కానీ లోవరాజు మొహంలో వెలుగు ఎంతోసేపు నిలవలేదు. ఎర్రబడిన చోటుని గోటితో తట్టాడు. మామూలు సున్నం. మింగినదంతా కక్కేశాక అది ఇక దేన్నీ పట్టుకోదు. "తాడు పక్కకి తియ్యి తల్లీ. సగం పట్టీ పోయింది. మిగిలిన సగమూ ఎర్రబడితే నీకింక మాట లేదు."

వేణి తాడుని మెడ పక్కకి జరిపి కొంగు కింద దోపుకుంది. పెదవులతో అడిగింది, 'ఎన్ని మాటలొస్తాయి?'

"నాలుగు రావచ్చు. వృథా చేసుకోకమ్మా."

*

రెండో అంతస్తులో గది గుమ్మానికి రెండు చేతులూ చాపి ఆడపడుచు దుర్గ నిలబడింది. పక్కనే గోడకి ఒక బోర్డు: గోడలకు పసుపు, కుంకుమ పూయరాదు. గడపకి రాయడానికని బుల్లెమ్మ తెచ్చిన పసుపు పళ్లెం బోర్డుకి ఎదురుగానే ఉంది. కాశీవిశ్వనాథం మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చేశాడు.

"పేరు చెప్పందే కదలను వదినా," అంది దుర్గ.

"పోనీలేవే," అంది అత్తగారు. "ఆ పిల్లకి ఇక్కడ మాట రావట్లేదు, చూస్తన్నావుగా."

"ఎందుకు పోనివ్వాలమ్మా? మా వదినకి మాట లేకనా? ఉంది. ఎవరో మింగారు. మింగినోడిని కక్కమను."

కాశీవిశ్వనాథం గొంతు సవరించుకున్నాడు. "శుభమా అని పెళ్లి చేసుకుని ఈ పట్టుదలలెందుకండి? ఇప్పుడైనా ప్యాకేజీ తీసుకుంటే ఒక్క నిమిషంలో మాటొచ్చేస్తుందండి. పేరుకి డిస్కౌంటు కూడా..."

ఆయన మాట పూర్తికాలేదు. వేణి రెండు చేతులూ మణికట్ల దాకా పసుపు పళ్లెంలో ముంచింది. బోర్డు పక్కన గోడ మీద, తన ఎత్తులో, రెండు అరచేతులూ చాచి కొట్టింది.

పచ్చటి చేతులు గోడ మీద ఎర్రటి చేతులయ్యాయి. ఎరుపు పాకింది. గోడ ముందు దగ్గింది.

"...హలో! వినబడతందా? నేను పాసయ్యానే! హలో?" ఎవరో అమ్మాయి. "...ఒసే, జ్వరం తగ్గిందా పిల్లాడికి? ఒకసారి మాట్లాడించవే..." ఎవరో మగమనిషి. "...పలకవేంటి? కోపమా?" గదుల తలుపులు తెరుచుకున్నాయి. తమ మాటలు తమకే వినబడితే ఎవరు లోపల కూర్చుంటారు? ఒకాయన సబ్బు నురగతోనే బయటికొచ్చి, "అది నా మాటండీ! మా ఆవిడ నేను ఫోనే చెయ్యలేదని పుట్టింటికెళ్లిపోయింది!" అని గోడని కావలించుకున్నాడు.

బుల్లెమ్మ కొంగు దోపుకుని ఎదుటి గోడకి కూడా పసుపు పూసింది. దాన్లోంచి వచ్చింది కాశీవిశ్వనాథం గొంతే, హోటలు పెట్టెలు ఇంకా బిగించని రోజుల్లో పనివాళ్లతో ఫోనులో అన్నది. "...ఇంకో పూత దట్టంగా వెయ్యండ్రా. ఎవడి ఫోనూ బతకకూడదు. ఆసుపత్రికని చెప్పి తెచ్చాన్లే. ఆ హేచరీ ఆయన ఉత్త అమాయకుడు, కూతురు మాట్లాడితే చాలంటాడు."

లోవరాజు ఆయన వైపు తిరిగాడు. అనాల్సింది గోడ అనేసింది.

అప్పుడు వేణి గది గోడ అందుకుంది.

"వీరభద్రం."

అందరూ చప్పున ఆగిపోయారు.

"వీరభద్రంగారూ." అది కొంచెం సిగ్గుతో. "వీరభద్రం! ఆగండి!" అది బస్సు దగ్గరిది. "వీరభద్రం... పొండి, మాట్లాడను." "వీరభద్రం, ఒకసారి ఇలా రండి మరి." గోడ అన్నీ అప్పజెప్పేసింది, ఒక్కటీ దాచుకోకుండా, నిండు జనంలో, ఆమె గొంతుతోనే. వేణి పసుపు చేతుల్తో మొహం కప్పుకుంది. దాంతో మొహం కూడా పచ్చబడింది.

"చాలు వదినా, చాలు!" అంది దుర్గ చేతులు దించేసి. "ఒక్కసారి చెబితే చాలు!"

"నాకు చాలదు," అన్నాడు వీరభద్రం. అతని చెవులు గోడకంటే ఎర్రగా ఉన్నాయి. "తను ఎన్నిసార్లు చెబితే నేనూ అన్నిసార్లు చెప్తాను. హంసవేణి. హంసవేణి..."

"లోపలికెళ్లి చెప్పుకో అన్నయ్యా!"

అప్పటికి మిగతా అతిథులు పసుపు పళ్లెం ఖాళీ చేసేశారు. కింద వంటవాళ్ల దగ్గర్నుంచి బస్తానే పైకెక్కింది. అంతస్తు అంతస్తుకీ గోడలు కబుర్లు చెబుతున్నాయి. కాశీవిశ్వనాథం అటూ ఇటూ పరుగెత్తాడు. ఏ గోడ నోరు మూయాలో తెలియలేదు. చివరికి వేణి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నా హోటలంతా పాడుచేశారు! గోడలు ముట్టుకోడానికి మీరెవరండి? గోడ నాది!"

వేణి తండ్రి వైపు చూసింది. లోవరాజు వద్దనబోయి ఊరుకున్నాడు. ఆమె గొంతు కదిపి, మెడ పక్కకి జరిపి ఉంచిన పసుపుతాడుని మెల్లగా పట్టీలో మిగిలిన తెల్లటి చోటు మీదికి జరిపి, వేలితో అదిమింది.

"గోడ మీదేనండి," అంది పట్టీ. "గొంతు నాది."

నాలుగు మాటలే. పట్టీ చివరి అంచుదాకా ఎర్రబడింది. వేణి దాన్ని విప్పి తండ్రి చేతిలో పెట్టింది. గదిలోకి నడిచింది. పూజసామాన్ల బుట్టలోంచి కొబ్బరికోరు తీసింది. మంచం వెనక, పసుపు ఇంకా తగలని తెల్లటి గోడని గీకడం మొదలుపెట్టింది. సున్నం పొట్టుపొట్టుగా పట్టుచీర కొంగులో రాలింది.

కాశీవిశ్వనాథం గుమ్మంలోకి వచ్చాడు. దుర్గ మళ్లీ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. "మీరూ పేరు చెప్పి రండి. ఎవరి పేరైనా సరే, మీ సొంత నోటితో, సొంత ఖర్చుతో."

వీరభద్రం కిందికి పరుగెత్తి వంటవాళ్ల అట్లకాడ పట్టుకొచ్చాడు. లోవరాజు సంచీలోంచి సీసా తీశాడు. చెంచాడు సున్నం అడుగున అంటుకుని ఉంది. మూత తీసి కూతురి కొంగు కింద పట్టాడు. ఒక పొట్టు నాలిక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, తలూపాడు. అదే.

సీసా నిండింది. బుల్లెమ్మ అరిసెల డబ్బా ఖాళీ చేసి ఇచ్చింది. అదీ నిండుతోంది. వేణి ఒక్కసారి ఆగి, చెమట తుడుచుకుని, ఇంకా ఎంత గోడ ఉందో చూసుకుంది. జీవితానికి సరిపడా ఉంది.

అత్తగారు అప్పటిదాకా గుమ్మం అవతలే నిలబడి చూస్తోంది. సవరం తీసి, గట్టిగా మెలిపెట్టి, మళ్లీ బిగించి కట్టుకుంది. లోపలికొచ్చి కోడలి పక్కన నిలబడింది.

"ఆ మూలది నాకొదిలెయ్యమ్మా," అంది. "గరిటేదీ?"